మోచేతి ముడి

కొవ్వూరు,
9 జూన్ 2024

చెల్లెలు సంపూర్ణానికి ఎజ్రా అన్నయ్య వందనాలు.

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కాగితం తీశాను, కలం తీశాను, మళ్లీ రెండూ సొరుగులో పడేశాను. క్రిస్మసుకో కార్డు, ఈస్టరుకో కార్డు తప్ప ముప్పై ఏళ్లుగా మన మధ్య ఏముంది గనక? కానీ మొన్న శుక్రవారం జరిగింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది. కోడలికి చెబుదామంటే ఆ పిల్ల ఫోనులోంచి తల ఎత్తదు. నీకు ఫోను చేద్దామంటే నలభై ఏళ్లు రంపం మిషను పక్కన నిలబడ్డ చెవులు నావి, అవతలివాళ్ల మాట అందదు. వాట్సాపులో రాద్దామంటే నీ ఫోను నీకంటే ముందు మీ ఆయన హెడ్‌మాస్టరు గారు చదువుతారట. ఆ మాట మీ పక్కింటి దర్జీ సత్యకుమారి ఇక్కడి బజార్లో కనబడి చెప్పింది. అందుకే ఆవిడ పేరు మీదే పంపుతున్నాను.

సంగతేమిటంటే, నీ భర్త జయపాల్ గారు మా షెడ్డుకి వచ్చారు. అవును, ఆయనే. ఇస్త్రీ చొక్కా, రిటైరై ఏడేళ్లైనా జేబులో రెండు పెన్నులు. రంపప్పొట్టులో బూట్లు పాడవకుండా కొంగలా అడుగులేసుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డారు.

"బావగారూ, మా వంటగది కొత్తగా చేయించాలనుకుంటున్నామండీ."

పెదాలు చూసి మొదటిసారే అర్థమైంది నాకు. అయినా చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏంటండీ?" అన్నాను. రెండోసారి కాస్త గట్టిగా చెప్పారు. "మిషను ఆగాక చెప్పండి" అన్నాను. మిషను ఆగింది. మూడోసారి ఆయన అరిచిన అరుపుకి వీధి అవతల టీకొట్లో గ్లాసులు పట్టుకున్నవాళ్లు లేచి చూశారు. "మా ఇంటికి మీరే వంటగది చేసిపెట్టాలండీ!" ఆ వాక్యం వినడానికి నేను ఇంకో ముప్పై ఏళ్లు చెవిటివాడిగా ఉండమన్నా ఉంటాను.

నా దగ్గరికి ఎందుకొచ్చారో కూడా చెప్పారు పాపం. మండపేటలో రైసుమిల్లు జగన్నాథరావు గారింట్లో వంటగది చూసి ముచ్చటపడి, ఎవరు చేశారని అడిగారట. కొవ్వూరు ఎజ్రా అన్నారు. పెనుగొండలో ఇంకో ఇంట్లో అడిగారట. అక్కడా ఎజ్రాయే. ఆఖరికి మీ పాస్టరు గారింట్లో అడిగితే అక్కడా అదే పేరు. మూడుసార్లు నా పేరు మింగి వచ్చిన మనిషి ముఖం ఎలా ఉంటుందో నువ్వు ఊహించుకో. వంటగదికీ భోజనాల గదికీ మధ్య గోడ తీసేసి, రెండూ ఒకే హాలుగా చేసి, వచ్చినవాళ్లు గుమ్మంలోంచే చూసి నోరు తెరిచేలా చెయ్యమన్నారు. చేస్తాను.

నా పద్ధతి నీకు తెలియదు కాబట్టి చెబుతాను. అందరూ వంటగట్టు ముప్పై మూడు అంగుళాల ఎత్తున కట్టేస్తారు. ఎందుకంటే పుస్తకంలో అలా ఉంది. మనుషులు మాత్రం పుస్తకంలో పుట్టలేదు. నేను దారం పంపమంటాను. చెప్పుల్లేకుండా నిలబడి, నేల నుంచి మోచేతి దాకా దారం పట్టి, మోచేతి దగ్గర ముడి వెయ్యాలి. ముడికి నాలుగంగుళాలు కిందికి గట్టు. అంతే. నడుం వంగదు, భుజం లేవదు. అయితే దీంట్లోనూ ఒకసారి దెబ్బ తిన్నాను. జగన్నాథరావు గారి భార్య మాణిక్యాంబ గారిని దారం అడిగితే ఆవిడ తన మోచేతి కొలతే పంపారు. ఆవిడ ఆ ఇంట్లో వంటగది వైపు ఆదివారాలు కూడా వెళ్లరు. వంటామె పొడుగు మనిషి. ఆరు నెలల్లో ఆమె నడుం పట్టేసింది, గట్టు పగలగొట్టి మళ్లీ కట్టాను. అప్పటి నుంచి "ఇంటావిడ దారం" అనను. "ఆ ఇంట్లో వంట చేసే మనిషి దారం" అంటాను. నీ దారం పంపు.

ఇక అసలు మాట. తొంభై మూడులో ఆయన నాకు చేసిందేమిటో నీకు తెలియనిది కాదు. ఆ రోజే ఆయన గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. తొక్కను. మా మేస్త్రీ శివరామకృష్ణ వచ్చి బిగిస్తాడు. కానీ చేతిలోకొచ్చిన మనిషిని ఊరికే పంపేంత మంచితనం నాకింకా రాలేదు. ప్రతి ఆదివారం గుడికెళ్లి ప్రయత్నిస్తూనే ఉన్నాను.

నీ అన్న,
ఎజ్రా


మండపేట,
17 జూన్ 2024

అన్నయ్యకి,

నీ ఉత్తరం సత్యకుమారి కుట్టుమిషను పక్కన కూర్చుని చదివాను. ఆయన తొంభై మూడులో నీకేం చేశారో నాకు తెలియదు. ఆ ఏడు నువ్వు నాకేం చేశావో మాత్రం తెలుసు. దాని గురించి ఇప్పుడు వద్దు.

నువ్వు మా ఇల్లు చూడలేదు కాబట్టి చెబుతున్నాను. ఆయన తియ్యమన్న గోడలో అడుగున్నర వెడల్పున ఒక కిటికీ ఉంది. నేను ఇవతల వండి, ఆ కిటికీలోంచి గిన్నెలు అందిస్తాను. ఆయనా, వచ్చినవాళ్లూ అవతల బల్ల దగ్గర తింటారు. వాళ్లు లేచాక నేను వంటగది గడప మీద కూర్చుని తింటాను. ముప్పై ఎనిమిదేళ్లు. బల్ల దగ్గర కూర్చోవద్దని ఆయన ఎప్పుడూ అనలేదు. కూర్చోమనీ అనలేదు.

మొన్న మే నెలలో ఆయన స్నేహితుడు ఒకాయన విజయవాడ నుంచి వచ్చారు. చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకున్నారు. ఆయనకి కనబడేది నా చేతులే కదా. "మీ వంటామె చెయ్యి అమోఘమండీ. ఎన్నాళ్ల నుంచి ఉంటోంది?" అన్నారు.

మీ బావగారు, "చాలా పాత మనిషి లెండి" అన్నారు.

నా చేతిలో పెరుగు గిన్నె ఉంది. అందించేశాను. ఏం చెయ్యను, చేతిలో ఉంది.

నీ పగ నీది. నాది నాకుంది. నేను ఆ బల్ల దగ్గర కూర్చోవాలి, నా ముందుకి అన్నం రావాలి. నా కోరిక ఇదొక్కటే. గోడ తియ్యమని ఆయనే అన్నారు కాబట్టి ఆ పని అయిపోయినట్టే. మిగతాది నువ్వు చెయ్యాలి.

ఈ ఇంట్లో ఇకమీదట వంట చేసే మనిషి దారం కవరులో పెట్టాను. ముడి చూసి కంగారు పడకు. సర్దకు. తెలిసినవాణ్ణి కదా అని నీ లెక్క వెయ్యకు. ముడి ఎక్కడుంటే అక్కడి నుంచే కట్టించు.

సంపూర్ణం


కొవ్వూరు,
2 జులై 2024

సంపూర్ణానికి,

దారం అందింది. టేపు పెట్టి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ముడి నలభై నాలుగు అంగుళాల మీద ఉంది. నువ్వు నా భుజం కిందికొచ్చే మనిషివి, నీ మోచెయ్యి ముప్పై ఏడు దాటదు. ముందు ఏదో పొరపాటనుకున్నాను. తర్వాత వెలిగింది. పొడుగాటి వంటామెని పెట్టుకుంటున్నారన్నమాట. సంతోషం. ఆ "పాత మనిషి" మాట చదివాక అన్నం సహించలేదు నాకు. ఇన్నాళ్లకైనా ఆయనకి సిగ్గొచ్చి ఇంకో మనిషిని పెడుతున్నారు. ముడి ప్రకారమే కడతాను, గట్టు నలభై అంగుళాలు.

నేను నీకేదో చేశానన్నావు. నాకు అర్థం కాలేదు. మీ ఆయన్ని వెనకేసుకొస్తున్నావనుకుని వదిలేస్తున్నాను.

ప్లాను గీశాను. గట్టు ఎల్ ఆకారంలో వస్తుంది. సింకు తూర్పు కిటికీ కింద. పొయ్యి మాత్రం కిటికీ కింద పెట్టను, గోదారి గాలికి మంట ఆరిపోతూ ఉంటుంది. సింకుకీ పొయ్యికీ ఫ్రిజ్జుకీ మధ్య నాలుగేసి అడుగులు, అంతకంటే ఎక్కువైతే కాళ్లు అరుగుతాయి, తక్కువైతే ఇద్దరు మనుషులు ఒకరినొకరు తొక్కుకుంటారు. కింద తలుపుల బీరువాలు వద్దు, లోతు సొరుగులు పెడతాను. బీరువా అయితే వెనకున్న గిన్నె కోసం మోకాళ్ల మీద కూర్చోవాలి, సొరుగైతే గిన్నే ముందుకొస్తుంది. గట్టు మీద నల్ల గ్రానైటు. పల్లంరాజు గారి కొట్లో ఒక పలక చూశాను, మీద నీళ్లు చల్లితే రాత్రి ఆకాశంలా ఉంది. ఆయనైతే గ్రానైటు గురించి మొదలుపెడితే భోజనవేళ దాటిపోతుంది. ఆయన తాతగారు ఏనుగు దంతం అమ్మేవారని ఒకసారి, ఏనుగే ఉండేదని ఒకసారి చెబుతారు. సొరుగుల మీద లేత ఆకుపచ్చ లామినేటు, నిగనిగలాడనిది. గట్టు పైన వరసగా చిన్న దీపాలు పెడతాను, తరిగేవాళ్ల నీడ తరిగే కూర మీద పడకుండా. గోడ తీసేసిన చోట భోజనాల బల్ల, ఆరుగురికి. కుర్చీ వెనక్కి లాగినా వెనక నుంచి మనిషి నడిచేలా మూడడుగులు వదిలాను.

నీ కుర్చీ బల్ల పక్కన, మెత్త వేసి. బల్ల చివర పెద్ద కుర్చీ ఎటూ ఆయనదే కదా. దాన్ని మాత్రం కుర్రాళ్లకివ్వను, నా చేత్తోనే చేస్తాను. దాని గురించి ఏమీ అడగకు. బావగారు రోజుకి రెండుపూటలా నన్ను తలుచుకుంటారు.

వాన మొదలైంది, టేకు ఉబ్బుతుంది, తొందరగా ముగించాలి.

ఎజ్రా


మండపేట,
8 సెప్టెంబరు 2024

అన్నయ్యా,

వంటగది అయింది. శివరామకృష్ణ చక్కగా బిగించాడు. బిగిస్తున్నన్ని రోజులూ మీ బావగారు వచ్చి గట్టు మీద చెయ్యి ఆనించి, "ఎంత హాయిగా ఉందో చూడు, ఎజ్రా గారి చేతిలో పనుంది" అంటూనే ఉన్నారు. ఆయనకి హాయిగా ఉండక ఏం చేస్తుంది? ఆ ముడి ఆయన మోచేతిదే. కొత్త లాల్చీకి కొలతలని చెప్పి సత్యకుమారి చేత తీయించాను. వంటామె కాదు, ఎవరూ కాదు. నువ్వు అలా అనుకున్నావని నీ ఉత్తరం చదివి తెలిసింది. నేను దిద్దలేదు. దిద్దితే నువ్వు ఊరంతా చెబుతావు.

నిన్న పాస్టరు గారు ప్రార్థన చేసి వెళ్లారు. మీ బావగారితో పాటు పనిచేసిన మాస్టర్లు ముగ్గురు ఉండిపోయారు. నేను వెళ్లి బల్ల చివర పెద్ద కుర్చీలో కూర్చున్నాను.

"ఏంటి, కూర్చున్నావు? ఒంట్లో బాగోలేదా?" అన్నారు.

"బాగానే ఉందండి."

"మరి టీ?"

"గట్టు నాకు అందట్లేదండి. పొయ్యి నా గుండెల మీదకొస్తోంది. గిన్నెలో ఏముందో కనబడట్లేదు."

"అదేంటి! ఎజ్రా గారు తప్పు కొలిచారా?"

"లేదండి. చెయ్యి ఆనిస్తే హాయిగా ఉందని మీరే అన్నారు కదా."

"పీట వేసుకో."

"అరవై దాటిన మోకాళ్లతో పీట ఎక్కి దిగమంటారా? జారితే టీ గిన్నెతో పాటు నన్నూ ఎత్తాల్సొస్తుంది మీరు."

సోఫాలో ఒక మాస్టారు నవ్వేశారు. "జయపాల్ గారూ, ఆ వంటగది మీకే అతికిందండీ. పెట్టండి టీ, తాగుదాం" అన్నారు. ముగ్గురి ఎదుటా ఏమంటారు? వెళ్లి గట్టు ముందు నిలబడ్డారు. గోడ లేదు కదా, అందరికీ కనబడుతున్నారు.

"పంచదార ఎక్కడ?"

"రెండో సొరుగండి" అన్నాను, కుర్చీలోంచే.

తర్వాత శివరామకృష్ణని పిలిచి గట్టు దించమన్నారు. నీళ్ల పైపు, గ్యాసు పైపు, టైల్సు అన్నీ పగలగొట్టాలి, సంక్రాంతి దాకా పొయ్యి వెలగదని వాడు చెప్పాడు. బయటివాళ్ల చేతి వంట నోట పెట్టనని ఆయన ప్రతి విందులోనూ గొప్పగా చెప్పుకున్న మనిషి. వంటామెని పెట్టడానికి నోరు రాలేదు.

అంతా నేను అనుకున్నట్టే అయింది, ఒక్కటి తప్ప. ఆ కుర్చీ ఏం కుర్చీ అన్నయ్యా? ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత కూర్చుంటే ఐదు నిమిషాలకోసారి నన్ను ముందుకి తోసేస్తోంది. టీ వచ్చేసరికి బల్ల కిందికి సగం జారిపోయి ఉన్నాను.

సంపూర్ణం


కొవ్వూరు,
15 సెప్టెంబరు 2024

నా తల్లీ సంపూర్ణం,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి చదివి షెడ్డులో లేచి నిలబడ్డాను. పనివాళ్లు కరెంటు షాకు కొట్టిందనుకున్నారు.

కుర్చీ తప్పు నాదే. ముందు కాళ్లు అర అంగుళం పొట్టిగా కోశాను. చూస్తే తెలియదు, కూర్చుంటే ఒళ్లు నెమ్మదిగా ముందుకి జారుతుంది. పూర్వం మా గురువు గారు ఒక తాసీల్దారు ఆఫీసుకి అలాంటి బెంచీలు చేశారు, వచ్చినవాళ్లు ఎక్కువసేపు కూర్చోకుండా. జనం ఆయన్ని తిట్టుకుంటూ లేచి వెళ్లేవాళ్లు, తాసీల్దారు మెచ్చుకుని ఇంకో పది చేయించాడు. ఆ విద్య నేను ఇన్నాళ్లూ వాడలేదు. వాడక వాడక నీ మీద వాడాను. ఆయన కూర్చుంటారనుకున్నాను గానీ నువ్వు కూర్చుంటావని నా బుర్రకి తట్టలేదు. చూశావా, నేను కూడా నిన్ను బల్ల పక్కనే పెట్టాను.

బస్సు పార్శిల్లో రెండు టేకు బిళ్లలు పంపుతున్నాను. ముందు కాళ్ల కింద మేకు కొట్టించు.

ఇప్పుడు నాకు వివరాలు కావాలి. అన్నం మాడిందా? చెయ్యి కాలిందా? ఎక్కడ కాలింది? నా ఊహ మీద వదిలెయ్యకు.

ఎజ్రా


మండపేట,
13 అక్టోబరు 2024

అన్నయ్యా,

బిళ్లలు కొట్టించాను. కుర్చీ బాగుంది.

మూడు వారాలు నువ్వు కోరినట్టే జరిగింది. అన్నం మాడింది. మణికట్టు కాలింది. "జాగ్రత్తండీ" అన్నాను, కుర్చీలోంచే. నా చెయ్యి కాలినప్పుడు కిటికీలోంచి ఆయన అలాగే అనేవారు.

నాలుగో వారం నేర్చేసుకున్నారు. ఫోను గట్టు మీద నిలబెట్టుకుని, అందులో చూస్తూ చేస్తారు. పాఠం చెప్పే మనిషి కదా, నేర్చుకోవడం తెలుసు. ఒకరోజు గుడి సెక్రటరీ గారు వచ్చినప్పుడు టమాటా పప్పు చేస్తున్నారు. సెక్రటరీ గారు ఫోటో తీసి సంఘం వాట్సాపు గ్రూపులో పెట్టారు. ఇక చూడు. నూట నలభై మంది చేతులు జోడించారు. ఆదివారం పాస్టరు గారు ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి చెబుతూ, మన జయపాల్ మాస్టారు గారిని చూడండి అన్నారు. బయటికి రాగానే ఆడవాళ్లు నన్ను చుట్టేశారు. "ఎంత అదృష్టం సంపూర్ణమ్మా! మా ఆయన మంచినీళ్లు కూడా ముంచుకోడు." కొత్తగా పెళ్లైన ఒక పిల్ల మొగుణ్ణి మోచేత్తో పొడిచి, "చూసి నేర్చుకోండి" అంది.

నేను ముప్పై ఎనిమిదేళ్లు పప్పు వండాను. ఎవరూ ఫోటో తియ్యలేదు.

ఇప్పుడు జనం వంటగది చూస్తామని వస్తున్నారు. వచ్చి ఆయన్ని చూసి వెళ్తున్నారు. గోడ లేదు, నువ్వు పెట్టిన దీపాలు సరిగ్గా ఆయన ముఖం మీద పడతాయి. నాటకంలో రాజుగారిలా నిలబడి పోపు పెడతారు. శిక్ష వేద్దామని నిలబెట్టిన చోటే ఆయనకి సన్మానం జరుగుతోంది. నేను ఎదురుగా కూర్చుని తినాలి.

నాకు అన్నం వస్తోంది అన్నయ్యా. కానీ సగంలోనే లేచిపోతున్నాను.

సంపూర్ణం


కొవ్వూరు,
20 అక్టోబరు 2024

సంపూర్ణానికి,

నా ఒళ్లు మండిపోతోంది. ఒక్క మాట చెప్పు, శివరామకృష్ణని పంపుతాను. సొరుగుల పట్టాలు వదులు చేస్తాడు, లాగితే కాలి మీద పడతాయి. దీపాల వరసలో రెండు తీసేస్తాడు. పొగగొట్టం తిరగేసి బిగిస్తే కారం పొగంతా ఆయన కళ్లలోకే వస్తుంది. అదీ చాలదంటే గోడ మళ్లీ కట్టిస్తాను, కిటికీతో సహా, ఈసారి లోపల ఆయన.

మీ గుడివాళ్లకి ఆయన పద్ధతి గల మనిషి అట! ఆ పద్ధతేదో నాకంటే బాగా ఎవరికి తెలుసు? నేను ఆరో తరగతితో ఆపేసినవాణ్ణి. తొంభై మూడు ఆగస్టులో అమ్మకి గొంతు పడిపోయి, నీ పేరు సైగలతో అడుగుతుంటే, "చెల్లెల్ని ఒకసారి పంపండి" అని ఆయనకి ఉత్తరం రాశాను. ఎనిమిదో రోజుకి నా ఉత్తరం నాకే తిరిగొచ్చింది. నిండా ఎర్రసిరా. "తేదీ లేదు. ఊరి పేరు లేదు. సంబోధన సరిగా లేదు. పద్ధతిగా రాసి మళ్లీ పంపగలరు." కింద మార్కులు, పదికి మూడు. నేను మళ్లీ రాశాను, తేదీ పెట్టి, ఊరు పెట్టి. అది చేరేలోపు అమ్మ పోయింది. నువ్వు వచ్చింది మట్టి వేసిన మూడో రోజుకి. ఆ రోజు నుంచీ నేను ఎవరికి రాసినా పైన ఊరు, కింద తేదీ లేకుండా రాయలేదు, చిట్టీ రాసినా సరే. పట్టుబట్టి దొరికిన పుస్తకమల్లా చదివాను. ఇదంతా తెలిసీ నువ్వు ఆయన పక్కన నోరు మూసుకున్నావనే నీకు కార్డులు తప్ప రాయలేదు. ఇప్పుడు రాయక తప్పింది కాదు.

ఏం చెయ్యమంటావో చెప్పు.

ఎజ్రా


మండపేట,
10 నవంబరు 2024

అన్నయ్యా,

ఆ ఉత్తరం సంగతి నాకు తెలియదు. దేవుడి తోడు తెలియదు. ఉత్తరం వచ్చిందనీ తెలియదు, తిరిగి వెళ్లిందనీ తెలియదు. పెళ్లి చేసి పంపేసిన ఆడపిల్లే కదా అని నువ్వే నాకు ఆలస్యంగా కబురు పెట్టావనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు అదే అనుకుని నిన్ను తిట్టుకున్నాను.

నీ ఉత్తరం చదివి ఇంటికెళ్లేసరికి ఆయన బెండకాయలు తరుగుతున్నారు. అడిగాను.

"తొంభై మూడులోనా? నాకు గుర్తు లేదే" అన్నారు.

"ఎర్రసిరాతో దిద్ది పంపారట."

"దిద్దే ఉంటాను. ఉత్తరమన్నాక పద్ధతిగా రాయాలి కదా. ఇటు చూడు, ఈ ముక్కలు సమానంగా ఉన్నాయా?"

సమానంగానే ఉన్నాయన్నాను.

నువ్వు శివరామకృష్ణని పంపకు. పట్టాలు వద్దు, పొగ వద్దు, గోడ అసలే వద్దు. పోయిన ఆదివారం గుళ్లో కోత పండుగ ప్రేమ విందు ఎవరు తీసుకుంటారని పాస్టరు గారు అడిగారు. వంటవాళ్లని మాట్లాడాలి, రెండు వందల మందికి పైనే. నేను లేచి నిలబడ్డాను. ఆ గుళ్లో నేను నిలబడి మాట్లాడటం అదే మొదలు.

"మావారు వండుతారండి. ఆయనే, వాళ్లనీ వీళ్లనీ పెట్టకుండా."

ఆయన గిరుక్కున తిరిగి చూశారు. ఈలోగా చప్పట్లు. "అలాగే శుక్రవారం స్త్రీల సమాజం కూడా ఇకమీదట మా ఇంట్లోనే పెట్టుకోండి. ముప్పై మందికి భోజనం మావారిది" అన్నాను. మళ్లీ చప్పట్లు. అందరికీ చేతులు జోడించడం తప్ప ఆయనకి దారి లేదు.

ఆయన్ని జనం ఎందుకు మెచ్చుకుంటున్నారు? కొత్త కాబట్టి. రెండుసార్లు మెచ్చుకుంటారు, మూడుసార్లు మెచ్చుకుంటారు. ఐదో వారానికి "ఇంకా కాలేదా?" అంటారు. నాకు తెలుసు. నేను కూర్చుని చూస్తాను.

సంపూర్ణం


కొవ్వూరు,
17 నవంబరు 2024

నా చెల్లెలికి,

ఏం రాయాలో తెలియక రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. నాకు మాట దొరకకపోవడం నా జీవితంలో ఇది రెండోసారి, మొదటిసారి పెళ్లిలో. నీకు తెలియదని నాకు తెలియదు. ఆ ఎర్రసిరా చీటీ ఒకటి మనిద్దరి మధ్య ముప్పై ఒక్క ఏళ్లు గోడలా నిలబడింది. నేను గోడలు తీసే పని చేసుకుని బతుకుతూ దాన్ని చూడలేకపోయాను.

దుఃఖం తర్వాత పడదాం. ముందు పని. రెండు వందల మందికి ఆ గట్టు మీద వండనివ్వకు. అది ఆయన ఎత్తుకి కట్టింది, నడుం నొప్పి రాదు. దొడ్లో గాడిపొయ్యి తవ్వించు, ఎనిమిదడుగుల పొడవు, అడుగున్నర లోతు. డేగిసాలు దాని మీదే పెట్టాలి, ఎవరడిగినా అదే పద్ధతని చెప్పు. గాడిపొయ్యికి మోచేతి కొలత లేదు. ఆరడుగుల మనిషైనా నేల దాకా వంగాల్సిందే. కట్టెలు తూర్పు చివర నుంచి ఎగదోయాలి, ఈ కాలంలో గాలి అటు నుంచే వస్తుంది, పొగ... వద్దులే, పొగ సంగతి ఆయనే నేర్చుకుంటారు.

ఇది కూడా నా ప్లానుల్లో ఒకటిగా లెక్కేసుకుంటాను. గీత గీయకుండా చేసిన మొదటి వంటగది.

నీ అన్న,
ఎజ్రా


మండపేట,
8 డిసెంబరు 2024

అన్నయ్యా,

గాడిపొయ్యి తవ్వించాను. కోత పండుగ రోజు తెల్లవారుజామున మొదలుపెట్టారు. గుడి కుర్రాళ్లు కూరలు తరిగారు, నీళ్లు మోశారు. పొయ్యి దగ్గర మాత్రం ఆయనొక్కరే. పది గంటలకల్లా నడుం పట్టుకున్నారు. సెక్రటరీ గారు ఒక ఫోటో తీశారు గానీ పొగలో ఏమీ రాలేదు.

రెండు వందల పదిమంది తిన్నారు. నేను షామియానా కింద మొదటి వరసలో కూర్చున్నాను. అన్నం బాగానే ఉంది. ఎవరూ చేతులు జోడించలేదు. ఆకలి మీద ఉన్నారు. "మాస్టారూ, ఇటు సాంబారు!" అని ఒకళ్లు, "పప్పు అయిపోయిందండీ, ఎవరూ చూడరేంటి?" అని ఒకళ్లు. చివరి వరసకి అన్నం కాస్త మెత్తబడితే కొత్తగా పెళ్లైన ఆ పిల్ల "ముద్దైపోయిందండీ" అంది. పాస్టరు గారు వందన సమర్పణలో షామియానా వాళ్ల పేరు చెప్పారు, మైకు వాళ్ల పేరు చెప్పారు. వంట మాట మర్చిపోయారు.

శుక్రవారాలు నాలుగు అయ్యాయి. మొదటివారం ఆడవాళ్లు పాట పాడి మరీ ఆయనకి శాలువా కప్పారు. మొన్నటివారం ఒకావిడ చెయ్యి కడుక్కుంటూ, "మజ్జిగ పల్చగా ఉంటోంది ఈ మధ్య" అని నాతో అంది, ఆయన అక్కడే ఉండగా. గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టట్లేదు. వంటగది చూడ్డానికి వచ్చేవాళ్లు కూడా తగ్గిపోయారు. వచ్చినవాళ్లు కూర్చుని, టీ వచ్చాక తాగి వెళ్తున్నారు. ఎవరు పెట్టారో చూడట్లేదు.

ఆయన మునుపటిలా మాట్లాడట్లేదు. పోపు పెట్టేటప్పుడు ఫోను చూడరు, అవసరం లేదు, వచ్చేసింది. గట్టు దగ్గర నిలబడి ఒక్కోసారి చాలాసేపు గుడ్డతో తుడుస్తూ ఉంటారు. నాకు జాలి రావాలేమో అని చూసుకున్నాను. అమ్మ సైగలు చేసిందని రాశావు కదా. ఆ జాలి ఇంకా రాలేదు.

నువ్వు గుమ్మం తొక్కనన్నావు. తొక్కకు. క్రిస్మసు దాటాక నేనే కొవ్వూరు వస్తాను. అమ్మ సమాధి దగ్గర కాసేపు కూర్చుని, రెండు రోజులుండి వెళ్తాను.

నీ చెల్లెలు,
సంపూర్ణం

తా.క. కవరు అంటించబోతూ ఇది రాస్తున్నాను. ఈ మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే. దోసకాయ పప్పు, వంకాయ వేపుడు చేశారు. నాకు వడ్డించి, తను కూర్చోకుండా పక్కనే నిలబడ్డారు. నేను రెండు ముద్దలు తిన్నాను.

"ఎలా ఉంది?" అన్నారు.

ఉప్పు సరిగ్గా సరిపోయింది. "ఉప్పు తక్కువండి" అన్నాను.

ఆయన వెళ్లి ఉప్పు తెచ్చారు.